మౌనం అర్ధాంగీకారమా?

మౌనం అర్ధాంగీకారమని మనలో ఒక నానుడి. పెండ్లిచూపులలో తల వంచుకొని కూర్చున్న పిల్ల మొదలుకొని, ఊరి రచ్చబండ దగ్గర చేతులు కట్టుకొని వెనుక వరుసలో నిలిచిన కూలివాని వరకు, నోరు విప్పనివారందరికీ ఈ మాటను అంటగట్టి పెద్దలు తమ పని సాగించుకొంటూ వచ్చినారు. నానుడి నిజమే అనుకొందాము. మౌనంలో సగం అంగీకారమే ఉన్నదనుకొందాము. అయితే తక్కిన సగంలో ఉన్నదేమిటి? భయమా, బిడియమా, భాష రాకపోవడమా, చెప్పినా వినేవాడు లేడన్న నిస్పృహా? ఆ సగాన్ని విప్పి చూసిన పెద్దలు అరుదు. నలుగురినీ అడిగి నడిపే నాయకునికీ, అడిగినట్లు కనిపించి తన దారిన తాను నడిచే నాయకునికీ గల భేదమంతా ఆ తక్కిన సగంలోనే ఉన్నది.

నాయకత్వం అనగానే మనకు వాగ్ధాటి, సాహసం, త్యాగం స్ఫురిస్తాయి. ఎదుటివాని మాటకు చెవి ఒగ్గడం ఒక నాయకలక్షణమని వెంటనే తోచదు. పాఠ్యపుస్తకాలలోని మహాపురుషులు మాట్లాడుతూ కనిపిస్తారు గాని వింటూ కనిపించరు. అందుచేతనే కాబోలు, మన విద్యార్థులకు ప్రసంగించడం నేర్పుతున్నాము. సభ నడపడం, సభలో ఒక సభ్యుడుగా మెలగడం నేర్పడం లేదు. బడిలో ఉన్నంతవరకు ఈ లోపం చిన్నదిగానే కనిపిస్తుంది. బడి దాటి, జి.మాడుగుల వంటి కొండసీమలో ఒక పల్లె తన భూమిని గురించి, తన అడవిని గురించి ఒక మాట చెప్పవలసిన చోటికి వచ్చేసరికి, ఆ లోపం ఒక తరం బ్రతుకునే తారుమారు చేయగలదు.

సభాధర్మం పాతదే

సభ మనకు పాశ్చాత్యులు నేర్పిన విద్య కాదు. మగధరాజు అజాతశత్రువు వజ్జి గణరాజ్యం మీదికి దండెత్తదలచి, బుద్ధుని అభిప్రాయం తెలిసికొని రమ్మని తన మంత్రిని పంపినాడట. బుద్ధుడు ఆ మంత్రికి నేరుగా సమాధానం చెప్పలేదు. ప్రక్కనున్న ఆనందుని చూచి, వజ్జులు తరచుగా సభ చేరుతున్నారా, కలసి కూర్చుని కలసి లేస్తున్నారా అని అడిగినాడు. చేరుతున్నారని విని, అలా చేరుతున్నంతకాలం వారికి అభివృద్ధే గాని క్షయం లేదన్నాడు. ఒక రాజ్యం బలాన్ని ఆయన ఏనుగులతోనూ గుర్రాలతోనూ కొలువలేదు. అక్కడి ప్రజలు ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడుకొంటున్నారన్న దానితో కొలిచినాడు.

కౌటిల్యుడు ప్రజాస్వామికుడని ఎవరూ అనరు. రాజు బలమే ఆయన లక్ష్యం. అటువంటివాడు కూడ అర్థశాస్త్రంలో మంత్రాలోచన గురించి చెబుతూ, ఒక్క మంత్రితోనే ఆలోచిస్తే అతనికి పగ్గం ఉండదనీ, ఇద్దరితో ఆలోచిస్తే వారు ఏకమై రాజును లోబరచుకొనవచ్చుననీ, పోట్లాడుకొని పని చెరుపవచ్చుననీ హెచ్చరించి, ముగ్గురితోనో నలుగురితోనో ఆలోచించుమన్నాడు. ఎవరినీ తేలికగా చూడరాదనీ, అందరి అభిప్రాయమూ వినవలెననీ, అర్థవంతమైనదైతే బాలుని మాటనైనా గ్రహింపవలెననీ ఆయనే చెప్పినాడు. సంప్రదింపు అనేది రాజు ప్రజలకు చేసే మర్యాద కాదు, రాజుకే అవసరమైన కన్ను అని ఆయన అభిప్రాయం.

ఇక మౌనం మాట. కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్నను తెలుగువారిలో ఎరుగనివారుండరు. తన్ను తానోడిన పిమ్మట తన భర్తకు తన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆమె అడిగినది. ఆ సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు. ధర్మం సూక్ష్మమని ఒకరు తప్పించుకొన్నారు. తక్కినవారు తలలు వంచుకొన్నారు. ఆ మౌనం అర్ధాంగీకారమా? వారి మనస్సులలో అంగీకారం లేదు. కాని వారి మౌనాన్ని దుర్యోధనుడు సంపూర్ణాంగీకారంగానే వాడుకొన్నాడు. లేచి మాట్లాడినవాడు దుర్యోధనుని తమ్ములలో ఒకడైన వికర్ణుడు. ప్రశ్న అడిగినప్పుడు సభ సమాధానం చెప్పి తీరవలెనని అతడన్నాడు. వెంటనే కర్ణుడు లేచి, చిన్నవాడవు, పెద్దల సభలో పెద్దమాటలు మాట్లాడవద్దని అతని నోరు మూయించినాడు. సభ చెడిపోయే విధానమంతా ఈ ఒక్క ఘట్టంలో ఉన్నది. పెద్దలు మాట్లాడరు, మాట్లాడిన చిన్నవానికి వయస్సు తక్కువంటారు, మాట్లాడని వారందరూ ఒప్పుకొన్నట్లు తీర్మానం వ్రాసుకొంటారు. 

ఆటలోని రాజ్యాలు

సభలో మెలగడం ఒక విద్య అయితే, దానికి అభ్యాసం కావలెను. ఈదడం నేర్పేవాడు పిల్లవానిని మొదటిరోజే వరదగోదావరిలో త్రోయడు. అందుచేత ఆటరాజ్యాలు పుట్టినవి.

మన దేశంలో ఈ ఆలోచన 1962లో బొంబాయిలో జరిగిన అఖిలభారత విప్‌ల మహాసభలో బయలుదేరినది. పాఠశాలలలో నమూనా పార్లమెంటులు జరిపించవలెనని ఆ సభ సిఫార్సు చేసినది. 1966-67లో ఢిల్లీ పాఠశాలలలో యువ పార్లమెంటు పోటీలు మొదలైనవి. తరువాత అవి కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయ విద్యాలయాలకు, విశ్వవిద్యాలయాలకు విస్తరించినవి. మన రాష్ట్రంలో 2025 నవంబరు 26వ తేదీన, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల నమూనా శాసనసభ జరిగినది. రాష్ట్రంలోని 175 నియోజకవర్గాల పేరిట విద్యార్థులు సభ్యులుగా కూర్చున్నారు. సభాపతి, ముఖ్యమంత్రి, ప్రతిపక్షనాయకుడు అందరూ పిల్లలే.

ఇటువంటి ప్రయత్నాలు సంతోషించదగినవి. అయినా వీనిలో ఒక లోటున్నది; ఉపాధ్యాయులకు అది తెలియనిది కాదు. అనేక పాఠశాలలలో నమూనా సభ ఒక నాటకం. ప్రశ్న ముందుగా వ్రాయబడి ఉంటుంది. సమాధానమూ వ్రాయబడి ఉంటుంది. ప్రతిపక్షం ఏ క్షణాన లేచి గోల చేయవలెనో అదీ వ్రాయబడి ఉంటుంది. వంతు తప్పకుండా పాఠం అప్పగించిన పిల్లవానికి బహుమానం వస్తుంది. మంత్రిగా కూర్చున్న బాలుడు ఎదుటి బాలిక మాట విని తన మనస్సు మార్చుకొన్నాడన్న సంఘటన ఆ నాటకంలో జరగడానికి వీలులేదు. మనస్సు మార్చుకొనే వీలులేని చోట సంప్రదింపు ఎక్కడిది? అక్కడ ఉన్నది ఉచ్చారణాభ్యాసం మాత్రమే.

ముందుగా వ్రాసిపెట్టని ఆటరాజ్యాలు వేరొక చోట ఉన్నవి. అంతర్జాలంలో కల్పితదేశాలు నిర్మించి, పరస్పరం రాయబారాలు నడిపి, ఎన్నికలు జరుపుకొనే యువకులు ప్రపంచమంతటా ఉన్నారు. 2002లో ఆస్ట్రేలియా రచయిత మాక్స్ బారీ ప్రారంభించిన ‘నేషన్‌స్టేట్స్’ అనే ఆట వీనిలో ప్రసిద్ధమైనది. అందులో ఒక్కొక్కరు ఒక్కొక్క కల్పితదేశాన్ని పాలిస్తారు. ఆ దేశాలు గుంపులుగా చేరి ఒక్కొక్క మండలంగా ఏర్పడతాయి. ఆటలోని ప్రపంచసభలో చేరిన సభ్యులు పరస్పరం మద్దతు తెలుపుకొంటారు. మండలంలో ఎవరికి ఎక్కువ మద్దతు ఉంటే వారే ఆ మండల ప్రతినిధి. గమనింపదగిన విశేషమేమిటంటే, ఇచ్చిన మద్దతును సభ్యుడు ఏనాడైనా ఉపసంహరించుకొనవచ్చును. ఐదేండ్లు ఆగనక్కరలేదు. మండలం నచ్చకపోతే తన దేశంతో సహా మరొక మండలానికి తరలిపోవచ్చును.

ఈ చిన్న నియమం నాయకుని స్వభావాన్నే మార్చివేస్తుంది. సభ్యులను అడగక ఆజ్ఞలు జారీచేసే ప్రతినిధి, కొద్దికాలంలోనే ఖాళీ మండలానికి అధిపతి కావలసివస్తుంది. కనుక తెలివిగలవాడు ముసాయిదాను ముందుగా అందరి ఎదుటా పెడతాడు. కొత్తగా చేరినవానికి చిన్నదో పెద్దదో ఒక పని అప్పగిస్తాడు. కొంతకాలంగా పలుకని సభ్యుని పేరుపెట్టి పిలిచి క్షేమమడుగుతాడు. పలుకనివాడు రేపు వెళ్ళిపోబోయేవాడని అతనికి తెలుసు. ఆటలో మౌనం అంగీకారానికి గుర్తు కాదు. అది వీడ్కోలుకు ముందుమాట.

ఆటకూ ఊరికీ గల ముఖ్యమైన భేదం ఇక్కడే ఉన్నది. ఆటలోని సభ్యుడు అలిగితే వెళ్ళిపోగలడు. కొండమీది రైతు వెళ్ళిపోలేడు. వాని పొలం, వాని పోడు, వాని పితరుల సమాధులు అక్కడే ఉన్నవి. అడగకపోయినా వాడు అక్కడే ఉంటాడు. వాడు ఉన్నాడు గనుక ఒప్పుకొన్నాడని నాయకుడు భ్రమపడగలడు. ఆటలో నాయకుని తప్పు వెంటనే బయటపడుతుంది. ఊళ్ళో ఇరవై ఏండ్ల తరువాత బయటపడుతుంది. అప్పటికి దిద్దుకొనేందుకు మిగిలేది స్వల్పం.

కొండపల్లెలో గ్రామసభ

జి.మాడుగుల అంటే గంగరాజు మాడుగుల. మైదానంలోని మాడుగుల వేరు. ఇది తూర్పు కనుమలలో, పాడేరు శాసనసభా నియోజకవర్గంలో ఉన్న మండలకేంద్రం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. లోయలలో వరి, వాలులలో పసుపు, వలిసెలు, రాజ్‌మా, నీడచెట్ల క్రింద కాఫీ, ఆ చెట్లకే అల్లుకొన్న మిరియాలతీగ, ఇదీ ఇక్కడి వ్యవసాయం. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, సామంతులని కూడ పిలువబడే ఖోండులు మొదలైన గిరిజనులు ఈ కొండలలో నివసిస్తున్నారు. 

ఈ సీమలో అధికారం చాలకాలం ఒకే మనిషి చేతిలో ఉండేది. ముఠాదారు అనే పెద్ద కొన్ని పల్లెలకు కలిపి శిస్తు వసూలుచేసి పై దొరకు చెల్లించేవాడు. పైవారి ఆజ్ఞను క్రిందివారికి చెప్పేవాడు. ప్రజల తరఫున మాట్లాడేవాడూ అతడే, ప్రభువు తరఫున మాట్లాడేవాడూ అతడే. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణామీద దాడి చేయడం అందరికీ తెలిసిన కథ. అంతకు ముందు ఆయన మన్యంలో తిరుగుతూ, తగవులు కోర్టులకెక్కకుండా పంచాయతీలలో తీర్చుకొనండని ప్రజలకు బోధించినాడన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. విల్లంబులకు ముందు ఆయన సభను నమ్మినాడు. ఆయన అనుచరులైన గాం సోదరులలో ఒకరు, గాం మల్లుదొర, స్వతంత్రభారతంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో, 1952లో, విశాఖపట్నం నుండి లోకసభకు ఎన్నికైనారు. తిరుగుబాటుదారు సభ్యుడైనాడు. ఇంతకన్న గొప్ప పరిణామం ప్రజాస్వామ్యానికి ఏముంటుంది? ముఠాదారీ పద్ధతి 1969లో చేసిన రెగ్యులేషను వల్ల రద్దయినది.

ముఠాదారు పోయిన తరువాత ఆ చోటికి ఎవరు రావలెను? దీనికి సమాధానంగా 1996 డిసెంబరులో పార్లమెంటు ఒక చట్టం చేసినది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీలను విస్తరింపజేసే ఆ చట్టాన్ని క్లుప్తంగా పెసా అంటున్నారు. ఆంధ్రప్రదేశ్ 1998లో అందుకు తగిన శాసనం చేసి, 2011లో నియమావళి వెలువరించినది. ఈ చట్టంలో ఒక అందమైన ఊహ ఉన్నది. గ్రామమంటే రెవెన్యూ లెక్కలలోని గ్రామం కాదట. తన వ్యవహారాలను తన ఆచారం ప్రకారం చక్కబెట్టుకొనే ఒక గూడెమైనా, కొన్ని గూడేల కూడలియైనా గ్రామమేనట. అటువంటి గ్రామానికి ఒక గ్రామసభ ఉండవలెనట. తన సంప్రదాయాలను, తన ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకొనే తన పద్ధతిని కాపాడుకొనే సామర్థ్యం ఆ సభకు ఉన్నదని చట్టమే ఒప్పుకొన్నది.

ఇది ఎందుకు అవసరమో కొండదారిన నడిచినవారికి చెప్పనక్కరలేదు. ఒక్కొక్క పంచాయతీలో ఎన్నో గూడేలుంటాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య ఒక గెడ్డ, ఒక మెట్ట, ఒక పూట నడక అడ్డం. సభ పంచాయతీ కేంద్రంలోనే జరిగితే దగ్గరవారు వస్తారు, దూరపువారు రారు. బిడ్డతల్లి రాదు, ముసలివాడు రాడు, కూలి పోగొట్టుకోలేనివాడు రాడు. రానివారి మౌనం కూడ అర్ధాంగీకారం క్రిందనే జమ అవుతుంది. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 గ్రామపంచాయతీలలో ఒకేరోజున గ్రామసభలు జరిపినారు. సంఖ్య గొప్పదే. అయితే సభల సంఖ్యను లెక్కించడం సులభం. ఒక్కొక్క సభలో ఎందరు నోరు విప్పినారో, వారిలో స్త్రీలెందరో, వెనుక వరుసవారెందరో లెక్కించడమే అసలు లెక్క.

‘గానీ’ అనే మాట

పెసా చట్టంలో మరొక విషయం విద్యార్థులు జాగ్రత్తగా చదువదగినది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని సేకరించే ముందు గ్రామసభనుగానీ, తగిన స్థాయిలోని పంచాయతీనిగానీ సంప్రదించవలెనని ఆ చట్టం అంటున్నది. చిన్నతరహా ఖనిజాల తవ్వకానికి మాత్రం ముందుగా సిఫార్సు పొందడం తప్పనిసరి చేసినది. చట్టాలలో ఒక్కొక్కసారి బ్రతుకంతా ఒక చిన్నమాట మీద ఆధారపడి ఉంటుంది. ‘గానీ’ అన్నందువల్ల గూడెంలో అడగవలసినది మరొక పై మెట్టు మీద అడిగి సరిపెట్టుకొనేందుకు వీలు చిక్కినది. ‘సంప్రదించడం’ అన్నందువల్ల, అడిగి, విని, విన్నదాన్ని ప్రక్కన పెట్టేందుకూ వీలు చిక్కినది. సలహా వేరు, సమ్మతి వేరు. సలహా అడిగినవాడు వినకపోవచ్చును. సమ్మతి అడిగినవాడు కాదంటే ఆగవలెను.

అడగకపోతే ఏమవుతుందో ఈ సీమకు అనుభవమే. అరకు దాపున అనంతగిరి మండలంలో, బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ న్యాయస్థానానికెక్కినది. 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వభూమిని కూడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పినది. 2015 నవంబరులో చింతపల్లి ప్రాంతపు జెర్రెల కొండలలో బాక్సైట్ తవ్వకానికి అటవీభూమిని అనుమతిస్తూ ప్రభుత్వం 97వ నంబరు ఉత్తర్వు జారీచేసినప్పుడు మన్యమంతటా ఆందోళన చెలరేగినది. ఆ ఉత్తర్వు అమలు నిలిచిపోయి, 2019లో రద్దయినది. ముందు అడిగి ఉంటే ఒక సభతో తేలవలసినది, అడగనందువల్ల వీధికెక్కి తేలినది. ఎవరికి లాభం కలిగినది? ప్రభుత్వం గౌరవం పోగొట్టుకొన్నది. ప్రజలు నెమ్మది పోగొట్టుకొన్నారు.

నియమగిరి చెప్పిన సమాధానం

నిజంగా అడిగితే ఎలా ఉంటుందో చూడవలెనంటే ఇవే తూర్పు కనుమలలో, ఒడిశా రాయగడ, కలహండి జిల్లాలలో ఉన్న నియమగిరికి వెళ్ళవలెను. అక్కడ డొంగ్రియా ఖోండులు నివసిస్తారు; మన సామంతులకు జ్ఞాతులు. కొండకొనమీద బాక్సైట్ ఉన్నది. కొండక్రింద లాంజిగఢ్‌లో, కొండవారిని అడగకముందే, ఆ ఖనిజం కోసం కర్మాగారం లేచినది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 2013 ఏప్రిల్ 18న కోర్టు, కొండమీద తమ దేవుని ఆరాధించే హక్కు గని వల్ల భంగపడుతుందా లేదా అన్న విషయాన్ని ముందుగా గ్రామసభలే ఆలోచించి చెప్పవలెననీ, జిల్లా జడ్జి స్థాయి అధికారి ఒకరు ఆ సభలను పరిశీలించవలెననీ ఆదేశించినది.

ఆ ఏడు జులై, ఆగస్టు నెలలలో పన్నెండు గ్రామాలలో సభలు జరిగినవి. పన్నెండూ వద్దన్నవి. ఆ తరువాత, 2014 జనవరిలో, కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఆ గనికి అనుమతి నిరాకరించినది.

గని మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ ప్రస్తుతం కాదు. అడిగిన విధానం ముఖ్యం. అడిగినది తవ్వకానికి ముందు. అడిగిన చోటు వారి గూడెం. అడిగిన ప్రశ్న సూటియైనది. అడిగినవారికంటె వేరైన ఒక న్యాయాధికారి ఎదుట ఉన్నాడు. చెప్పిన మాట కాగితం మీదికి ఎక్కినది. అన్నిటికీ మించి, ఆ మాట ఫలితాన్ని మార్చినది. ఈ ఆరింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పన్నెండు సభలు పన్నెండు మొక్కుబడులై ఉండేవి. బడికి వెళ్ళని ముసలివారు, సంత దాటి ఎరుగని స్త్రీలు అక్కడ లేచి మాట్లాడినారు. వారికి వాక్శిక్షణ ఎవరిచ్చినారు? తమ మాటకు విలువ ఉన్నదని తెలియడమే శిక్షణ.

అడగడంలోని ధర్మం

దీనినిబట్టి నాయకునికి కొన్ని ధర్మాలు ఏర్పడుతున్నవి. నిర్ణయం కాకముందే అడగవలెను. అయిన తరువాత అడగడం ప్రకటనే గాని సంప్రదింపు కాదు. మాట్లాడేవారినే గాక మాట్లాడనివారిని అడగవలెను. వారి భాషలో అడగవలెను. ఈ కొండలలో కువి మాట్లాడే ఇండ్లున్నవి, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇండ్లున్నవి. అధికారి చదివి వినిపించిన తెలుగు కాగితానికి వేలిముద్ర వేసిన అవ్వ దేనికి సమ్మతించినదో ఆమెకు తెలియకపోతే, ఆ ముద్ర సిరాగుర్తు మాత్రమే. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో కువి, ఆదివాసీ ఒరియా, కొండ, సవర మొదలైన గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ప్రారంభించినప్పుడు ఉద్దేశం పిల్లలకు అక్షరాలు సులభం చేయడమే కావచ్చును. కాని తన భాషలో చదువవచ్చునని తెలిసిన పిల్ల, తన భాషలో ప్రశ్నింపవచ్చునని కూడ తెలిసికొంటుంది.

అన్నిటికంటె తరచుగా మరచిపోయే ధర్మం మరొకటి ఉన్నది. అడిగినవాడు తిరిగి వచ్చి సమాధానం చెప్పవలెను. మీరన్న నాలుగింటిలో రెండు చేసినాము, రెండు చేయలేకపోయినాము, కారణమిది అని చెప్పే నాయకుని ప్రజలు క్షమిస్తారు. విని, తల ఊపి, మళ్ళీ కనిపించని నాయకుని సభకు మరుసటి ఏడు ఎవరూ రారు. సభలు శూన్యం కావడానికి ప్రజల బద్ధకం కారణమంటారు. ఒకసారి చెప్పిన మాట గాలికి పోయిందని తెలిసినవాడు రెండవసారి కూలి పోగొట్టుకొని వస్తాడా?

అందరినీ అడుగుతూ కూర్చుంటే పని ఎప్పుడవుతుందని ఆక్షేపించేవారుంటారు. ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. వరద వచ్చినప్పుడు కట్ట తెగకుండా చూడవలసినవాడు సభ చేయరాదు. అయితే మన ఊళ్ళలో తొందర పేరిట అడగకుండా జరిగిపోయినవానిలో వరదలెన్ని? కావలసినంత వ్యవధి ఉండి కూడ అడగనివే ఎక్కువ. పైగా సంప్రదించిన నాయకుడు నిర్ణయభారాన్ని దింపుకొనడు. చివరిమాట చెప్పవలసినది అతడే. తప్పయితే మోయవలసినదీ అతడే. నలుగురినీ అడిగినానని తప్పును నలుగురిమీదికీ నెట్టేవాడు సంప్రదింపును గొడుగుగా వాడుకొంటున్నాడు.

సభ్యునికీ ధర్మాలున్నవి. రావడం, వినడం, తనకు తెలియనిది అడగడం, తెలిసినది చెప్పడం, ఓడిపోతే అలిగి లేచిపోకుండా కూర్చోవడం. ‘నలుగురితో నారాయణా’ అని ఎటు గాలి వీస్తే అటు చేయెత్తేవాడు సభకు బరువే గాని బలం కాదు. వికర్ణుడు ఓడిపోయినాడు. అయినా అన్ని తరాలలోనూ ఆ సభను గురించి చెప్పుకొనేటప్పుడు అతని పేరు వస్తున్నది.

బడిలో సభ

ఈ విద్యకు బడికంటె మంచి చోటు లేదు. జి.మాడుగులలోనైనా, గుడివాడలోనైనా, ఏ పాఠశాలలోనైనా ఖర్చు లేకుండా దీనిని ప్రారంభించవచ్చును. విషయాన్ని దేశరక్షణ నుండి, విదేశాంగ విధానం నుండి దింపి, పిల్లల చేతిలో నిజంగా ఉన్న విషయానికి తేవలెను. గ్రంథాలయం ఏ వేళ తెరిచి ఉండవలెను? మంచినీటి కుళాయి దగ్గర వంతు ఎలా? ఆటస్థలంలో ఆడపిల్లలకు ఏ గంట? ఉపాధ్యాయుడు ముందుగానే ఒక మాట ఇవ్వవలెను: సభ తీర్మానించినది నేను అమలుచేస్తాను, చేయలేనిదైతే ఎందుకు చేయలేనో వచ్చే వారం ఇదే సభలో చెబుతాను. ఈ ఒక్క మాటతో నాటకం సభగా మారుతుంది.

సభాపతిగా చురుకైనవానినే ప్రతిసారీ కూర్చోబెట్టనక్కరలేదు. వంతులవారీగా అందరూ కూర్చోవలెను. సభాపతికి ఒకే పరీక్ష: సభ ముగిసేసరికి పలుకనివారెవరో అతడు చెప్పగలగవలెను. లేచి మాట్లాడడానికి జంకేవారు చీటీమీద వ్రాయవచ్చును. వ్రాయలేనివారు ప్రక్కవారి చెవిలో చెప్పవచ్చును. ఇంటిభాషలో చెప్పినదాన్ని తోటివాడు తెలుగులో వినిపించవచ్చును. కాదన్నవాని మాటను కాదన్నట్లే తీర్మానాల పుస్తకంలో వ్రాయవలెను. అటవీహక్కుల చట్టం క్రింద జరిగే గ్రామసభకు సగం మంది సభ్యులు ఉండవలెననీ, హాజరైనవారిలో మూడవవంతు స్త్రీలు ఉండవలెననీ 2012లో సవరించిన నియమాలు చెబుతున్నవి. అటువంటి నియమం తరగతి సభకు పెట్టి చూడండి. పిల్లలు చట్టాన్ని పుస్తకంలో కాక తమ బెంచీమీద చదువుకొంటారు.

ఉపాధ్యాయులకు మరొక సదవకాశం ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య సంఘం ఉండవలెను. అందులో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు. ఆ సంఘం సమావేశం ఎలా జరుగుతున్నదో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. సంతకం కోసం వచ్చి నిలబడిన తల్లికి కుర్చీ చూపి, ఏమనుకొంటున్నావమ్మా అని అడిగిన ప్రధానోపాధ్యాయుడు ఆ ఒక్క ప్రశ్నతో ఒక పౌరశాస్త్ర పాఠం చెప్పినట్లే. అడగకుండా కాగితం చేతికిచ్చినా పాఠమే. అదీ పిల్లలు నేర్చుకొంటారు.

రేపు ఈ కొండలలోకి రోడ్డు వస్తుంది, జలాశయం వస్తుంది, విహారకేంద్రం వస్తుంది. మంచివో చెడ్డవో ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి. ఒకనాడు చెట్టుక్రింద సభ చేరుతుంది. ఒక కాగితం చదువుతారు. ఎవరికైనా అభ్యంతరమా అని అడుగుతారు. ఆ క్షణంలో వెనుక వరుసలో నుండి ఒక యువతి లేచి, ఆ మూడవ వాక్యం మళ్ళీ చదవండి, మా భాషలో చెప్పండి అని అడుగగలిగితే, ముందు కూర్చున్న పెద్ద ఆగి ఆమె మాట వినగలిగితే, ఆ ఊరికి సభ ఉన్నదని చెప్పవచ్చును. ఆమె అవునంటుందో కాదంటుందో ఆమె ఇష్టం. ఆ అవునూ ఆ కాదూ నిండుగా, నోటితో చెప్పినవై ఉండవలెను. సగం అంగీకారాలతో ఇల్లే నిలువదు, ఊరు నిలుస్తుందా?